కిటికీ కంపెనీకి వందేళ్లైతే మనకేంటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కిటికీల మీదే ఉన్నాయి. ఎండలు ముదిరేలోపు పని ముగించుకుందామని కాబోలు. అందుకని పెయింట్ల ప్రశ్నలూ, వాటర్ ట్యాంక్ లీకుల ప్రశ్నలూ వచ్చే సంచికకి జరిపి, ఈసారి పూర్తిగా కిటికీల సంగతే చూద్దాం.

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ టీచర్ని, కర్నూలులో సొంతిల్లు. 2009 వరదల్లో మా కింది పోర్షన్ టేకు కిటికీలు నానిపోయి ఉబ్బాయి, అప్పటినుంచి రెక్కలు సరిగ్గా పడవు. ఇన్నాళ్లకి వాటిని తీసేసి యూపీవీసీ, అదే గట్టి ప్లాస్టిక్‌వి, పెట్టిద్దామనుకుంటే, కొలతలకి వచ్చిన కుర్రాడు ‘మాది నూరేళ్ల జర్మన్ కంపెనీ సార్, అప్పట్నుంచీ ఇవే చేస్తున్నాం’ అంటాడు. నూరేళ్ల కిందట ప్లాస్టిక్ కిటికీలు ఉన్నాయా? అసలు కిటికీలు చేయడానికంటూ కంపెనీలు ఎప్పుడు పుట్టాయి? మాకు తెలిసిందల్లా ఆచారి వచ్చి వరండాలో కూచుని చేసి బిగించి పోవడమే.

జవాబు: లేవు మాస్టారూ. ఆ కుర్రాణ్ణి అని లాభం లేదు, ట్రైనింగులో ఏది చెప్తే అది మీకు అప్పజెప్పాడు. యూపీవీసీకి మూలమైన పీవీసీ అనే పదార్థాన్ని జర్మనీలో ఆయిగన్ బౌమన్ అనే రసాయన శాస్త్రవేత్త 1872లోనే గమనించాడు గానీ అది పెళుసుగా ఉండి ఎవరికీ పనికిరాలేదు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దాన్ని మెత్తబరిచే దారి కనిపెట్టాకే ఏదో ఒక వస్తువుగా బజారుకి వచ్చింది. కిటికీ చట్రంగా మారడం ఇంకా తర్వాత, 1950ల నడిమి భాగంలో, అదీ జర్మనీలోనే. అంటే ఎంత లాగినా డెబ్బై ఏళ్ల చిల్లర. హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్ గ్రూపుతో జతకట్టిన వెకా అనే పెద్ద జర్మన్ కంపెనీ ఉంది చూడండి, అది పుట్టింది 1969లో. రేపు ఇంకొకడు వచ్చి ‘మాది మూడున్నర శతాబ్దాల కంపెనీ’ అన్నా కంగారుపడకండి. అది సెయింట్ గోబెన్ సంగతి అయ్యుంటుంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కాలంలో, 1665లో, అద్దాలు చేయడానికి పెట్టిన కంపెనీ అది, మన పక్కనే శ్రీపెరంబుదూరులో వాళ్ల ఫ్యాక్టరీ 2000లో మొదలైంది. కానీ వాళ్ల చరిత్ర గాజుది. ఆ గాజుని మీ గోడలో ఎవడు నిలబెడతాడన్నది వేరే లెక్క.

నూరేళ్లు దాటిన కిటికీ కంపెనీలు నిజంగానే ఉన్నాయి, కాకపోతే వాటి మొదలు ఇనుముతోనో చెక్కతోనో. ఇంగ్లండులో బ్రెయిన్‌ట్రీ అనే ఊళ్లో క్రిటాల్ వాళ్లు 1884 నుంచి ఇనప చట్రాల కిటికీలు చేస్తున్నారు. మన పాత గవర్నమెంటు ఆఫీసుల్లో, స్కూళ్లలో సన్నటి ఇనప చట్రం, పుట్టీతో అతికించిన గాజు ముక్కలు, తెరిచిన రెక్కని ఆపి ఉంచే మోచెయ్యి లాంటి స్టే ఉండే కిటికీలు చూసే ఉంటారు, దాదాపు ఆ కోవలోవే.

మీరడిగిన దానికి అసలైన జవాబు మాత్రం అమెరికాలోని యాండర్సన్ కంపెనీ కథలో ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. హాన్స్ యాండర్సన్ డెన్మార్క్ నుంచి వలస వచ్చిన మనిషి, కలప వ్యాపారి. సెయింట్ క్రోయ్ నది ఒడ్డున, విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్ అనే చిన్న ఊళ్లో 1903లో కొడుకులతో కలిసి పని మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడ కూడా మన ఆచారి పద్ధతే. గోడలో ఖాళీ వదిలేవాళ్లు, వడ్రంగి వచ్చి ఆ ఖాళీకి తగ్గట్టు చెక్క కోసి, చిత్రిక పట్టి, చట్రం కట్టేవాడు. ఇంటికో కొలత. హాన్స్ ఏం చేశాడంటే, 1905లో కొలతలన్నీ కొన్నింటికి కుదించి, చట్రం నిలువు ముక్కలు ఒక కట్టగా, అడ్డం ముక్కలు ఇంకో కట్టగా అమ్మడం మొదలుపెట్టాడు. ఉదాహరణకి కొట్టువాడు పది పొడవుల నిలువు కట్టలు, పది పొడవుల అడ్డం కట్టలు పెట్టుకుంటే చాలు, ఏ నిలువుకి ఏ అడ్డం జత చేసినా ఒక కొత్త సైజు, లెక్కేస్తే నూరు సైజులు. వడ్రంగి రెండు కట్టలు చంకలో పెట్టుకుపోయి పది నిమిషాల్లో చట్రం నిలబెట్టేవాడట. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ కిటికీ వరండాలోంచి ఫ్యాక్టరీకి పోయింది సరిగ్గా అక్కడే. ఆ తర్వాత ఇల్లు కట్టేవాడే కిటికీ సైజుకి తగ్గట్టు గోడలో ఖాళీ వదలాల్సి వచ్చింది, అంతకు ముందు ఉన్న వరసకి తిరగబడ్డ వరస.

1913లో ఫ్యాక్టరీ నది దాటి మిన్నెసోటా వైపు, ఇప్పుడు బేపోర్ట్ అంటున్న ఊరికి మారింది. హాన్స్ 1914లో పోయాడు. పనివాళ్లకి లాభాల్లో వాటా ఇవ్వడం మొదలైంది కూడా ఆ ఏడాదే, ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. 1932లో చట్రం, రెక్క, గాజు అన్నీ బిగించి ఉన్న కిటికీని ఒకే వస్తువుగా అమ్మారు. 1966లో చెక్క మీద వినైల్ (అంటే పీవీసీయే) తొడుగు వేశారు, ఏటేటా పెయింట్ వేయించే బాధ తప్పించడానికి. తర్వాత 1973 చమురు సంక్షోభం వచ్చింది. చలి దేశాల్లో ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చు మీద పడేసరికి, పాత ఇళ్ల కిటికీలు పీకి కొత్తవి పెట్టడం ఒక పెద్ద వ్యాపారమైపోయింది. యాండర్సన్ వాళ్లు 1995లో ఆ పనికోసమే విడిగా ఒక కంపెనీ పెట్టారు, ఇంటికొచ్చి కొలత తీసేదీ, చేసేదీ, పాతది ఊడదీసి కొత్తది బిగించేదీ అంతా ఒకే పేరు మీద. ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’ అని ఇప్పుడు మన బళ్లారి రోడ్డు షోరూముల బోర్డుల మీద కనబడేది ఈ తరహా వ్యాపారమే.

ఇక్కడే తేడా కొడుతుంది మాస్టారూ. మనదగ్గర ఎక్కువ షాపుల్లో బోర్డు మీద ఒకే పేరు ఉన్నా వెనక ముగ్గురుంటారు. ప్రొఫైల్ బార్లు, అంటే చట్రానికీ రెక్కకీ కోసే పొడుగాటి ప్లాస్టిక్ బార్లు, పోసేది ఒక కంపెనీ. ఆ బార్లు తెప్పించి, కోసి, మూలలు మెషీన్ మీద దాదాపు 250 డిగ్రీల వేడితో అతికించి, రోలర్లూ హ్యాండిళ్లూ బిగించేది ఊళ్లోనో హైదరాబాద్‌లోనో ఉన్న ఫ్యాబ్రికేటర్. మీ గోడకి డ్రిల్లు పెట్టేది రోజుకూలీ మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. నూరేళ్లో డెబ్బై ఏళ్లో చరిత్ర ఉంటే గింటే అది మొదటివాడికే. మీ కిటికీ బాగుపడేదీ చెడిపోయేదీ మాత్రం మిగతా ఇద్దరి చేతుల్లో. కాబట్టి ఆ కుర్రాణ్ణి కంపెనీ వయసు అడక్కండి. ప్రొఫైల్ ఎవరిది, చేసేది ఏ ఊళ్లో, బిగించాక కారితే ఎవరొస్తారు, ఇవి అడిగి, జవాబులు కొటేషన్ మీదే రాయించుకోండి.

ఇంకొకటి. షోరూముకి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. యూపీవీసీ చట్రం లోపల బోలుగా అరలు అరలుగా ఉంటుంది, నడిమి అరలో జింకు పూసిన ఇనప పట్టీ దూర్చాలి, లేకపోతే పెద్ద రెక్క నాలుగు వేసవులకి వంగుతుంది. అయస్కాంతం చట్రం మీద పెడితే లోపల ఇనుముంటే పట్టుకుంటుంది, లేకపోతే జారి కింద పడుతుంది. షోరూములో పెట్టిన శాంపిల్‌కి కాదు, మీ ఇంటికి దిగిన సరుకుకి పెట్టి చూడండి. వరద సంగతికొస్తే, ఈ చట్రం నీళ్లలో ఉన్నా ఉబ్బదు, నిజమే. లోపలి ఇనుమూ, స్క్రూలూ, రోలర్లూ తుప్పు పట్టవని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, బైపాస్ పక్కన కొత్తిల్లు కడుతున్నాం. పడమటి వైపు హాలుకి పెద్ద స్లైడింగ్ కిటికీ, డబుల్ గ్లాస్ పెడితే ఎండ లోపలికి రాదు, ఇల్లు చల్లగా ఉంటుంది అంటున్నారు. రేటు బాగా ఎక్కువ చెప్తున్నారు. ఏసీ ఒక్క బెడ్‌రూములోనే పెడతాం. పెట్టమంటావా?

జవాబు: హాలుకి వద్దు తమ్ముడూ. రెండు గాజుల మధ్య గాలిని బంధించే ఆలోచన పాతదే, 1865లో అమెరికాలో థామస్ స్టెట్సన్ పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆ ఆలోచన పుట్టింది చలిదేశంలో. బయట మంచు కురుస్తుంటే లోపలి వెచ్చదనం పోకుండా ఆపడానికి. ఒంటి గాజులోంచి ఎంత వేడి దాటుతుందో, మామూలు డబుల్ గ్లాస్‌లోంచి అందులో సుమారు సగమే దాటుతుంది, ఇది నిజం. అయితే అది లోపలి గాలికీ బయటి గాలికీ మధ్య వేడి తేడా వల్ల జరిగే రాకపోకల లెక్క. నేరుగా గాజు మీద పడే సాయంత్రపు ఎండ లెక్క వేరు. ఏ పూతా లేని తెల్లటి డబుల్ గ్లాస్ అయినా నూటికి డెబ్బై పాళ్లకి తక్కువ కాకుండా ఆ ఎండ వేడిని లోపలికి పంపేస్తుంది. పైగా నువ్వు ఏసీ లేని హాల్లో సాయంత్రం కాగానే కిటికీలు బార్లా తెరుస్తావు. తెరిచిన కిటికీకి ఒక గాజైతే ఏంటి, రెండైతే ఏంటి?

ఆ డబ్బుతో పడమటి గోడకి సన్‌షేడ్ కొంచెం లోతుగా పోయించు, పక్కల నిలువు రెక్కలు కూడా. పడమటి ఎండ పైనుంచి కాదు, ఏటవాలుగా ఎదురుగా వస్తుంది, పై సన్‌షేడ్ ఒక్కటే దాన్ని ఆపలేదు. బయటివైపు వెదురు తడికో, ఒక వేపచెట్టో ఇంకా నయం. గాజుకి లోపలికంటే బయట అడ్డం పెట్టడం ఎప్పుడూ మేలు, గాజు దాటి వచ్చిన వేడిని లోపలి కర్టెన్ ఎక్కడికి పంపుతుంది చెప్పు. ఏసీ ఉన్న బెడ్‌రూముకి మాత్రం డబుల్ గ్లాస్ ఆలోచించొచ్చు. అందులోనూ ఎండవేడిని తిప్పికొట్టే పూత ఉన్న గాజు కావాలని విడిగా చెప్పాలి, చెప్పకపోతే మామూలుదే వేస్తారు.

స్లైడింగ్ సంగతి కూడా ఆలోచించుకో. రెండు రెక్కల స్లైడింగ్ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది, ఎనిమిది అడుగుల కిటికీ కట్టించి నాలుగడుగుల గాలి తెచ్చుకోవడం. పైగా స్లైడింగ్ రెక్కల అంచుకి ఉండేది బ్రష్షు లాంటి పీచు పట్టీ, తలుపులా తెరిచే రెక్కకైతే చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ నొక్కుకుని మూసుకుంటుంది. మీ ఊరి గాలికి, ఆ హైవే దుమ్ముకి, లారీల హారన్లకి రెండోదే దిక్కు. మన దేశంలోనే వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మీది ఒకటి. అందుకని ‘వాన చుక్క రాదు’ అనే డెమో కంటే దుమ్ము వస్తుందా రాదా అన్నదే నీకు ముఖ్యం, షోరూములో దానికి డెమో ఎవరూ చూపించరు.

చెక్క రంగు ఫాయిల్ వేసిన చట్రాలు అందంగానే ఉంటాయి, కానీ పడమటి గోడకి తెల్లవే తీసుకో. ముదురు రంగు ఎండకి బయటి గాలికంటే చాలా ఎక్కువ కాగుతుంది, యూపీవీసీ 80 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడే సరుకు. వేడికి సాగుతుంది కూడా. అయిదడుగుల చట్రం పొద్దుటికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే గోడకీ చట్రానికీ మధ్య సందు వదిలి సిలికాన్‌తో నింపాలి. మేస్త్రీ ‘ఎందుకు సందు, సిమెంటు కొట్టి టైట్ చేసేస్తా’ అంటే ఆపు. ఇంకా, రెక్క జరిగే కింది పట్టాలో బయటివైపు చిన్న చిన్న గాట్లు ఉంటాయి, పట్టాలో పడిన నీళ్లు బయటికి పోవడానికి. పెయింటు వాళ్లు అవేవో కన్నాలనుకుని శుభ్రంగా సిలికాన్ పెట్టి పూడ్చేసి పోతారు! పని ముగిశాక ఒక చెంబు నీళ్లు పట్టాలో పోసి, అవి బయటికి కారాకే ఆఖరి బిల్లు కట్టు.

ప్రశ్న: అన్నా, మేం కడపలో ఉంటాం. మూడేళ్ల కిందట ఇల్లు రిపేరు చేయిస్తూ ఒక షాపువాళ్లతో కిటికీలు, బాత్రూము తలుపులు, వంటింటి కప్‌బోర్డులు అన్నీ చేయించాం. పదేళ్ల వారంటీ కార్డు ఇచ్చారు. ఇప్పుడు రెండు కిటికీలు కదలనే కదలవు, షాపు మూసేశారు, ఫోను పనిచేయదు. మా ఆయన ‘ఆ కార్డు చించి పారెయ్’ అంటాడు. ఏం చేయాలి?

జవాబు: చించకమ్మా, కార్డూ బిల్లూ రెండూ ఫొటో తీసి పెట్టుకో. ఈ కష్టం మనకే కాదు. బ్రిటన్‌లో ఇంటింటికీ తిరిగి డబుల్ గ్లాస్ కిటికీలు అమ్మిన కంపెనీల్లో ఎవరెస్ట్ చాలా పెద్ద పేరు, 1965 నాటిది. టీవీ ప్రకటనలతో ఇంటింటా తెలిసిన ఆ కంపెనీ 2020లో ఒకసారి, 2024లో ఇంకోసారి దివాలా దాకా పోయింది. వారంటీ ఎన్నేళ్లని రాసినా, ఆ రాసినవాడు బతికున్నంతకాలమే దానికి విలువ. అక్కడ ఇలాంటివి చూసి చూసి, కిటికీలు బిగించేవాళ్లు తమ గ్యారంటీకి ఇన్సూరెన్సు కూడా జతచేసి ఇచ్చే ఏర్పాటు పెట్టుకున్నారు. కంపెనీ మునిగినా ఇన్సూరెన్సువాడు రిపేరు ఖర్చు భరిస్తాడు. మన ఊళ్ల షాపుల్లో అలాంటి కాగితం ఎవరిచేతికీ ఇవ్వగా నేను చూడలేదు.

ముందు కిటికీ సంగతి చూద్దాం, కేసు సంగతి తర్వాత. నూటికి తొంభై పాళ్లు నీ కిటికీకి వచ్చిన రోగం రోలర్లది. రెక్క అడుగున చిన్న చక్రాలు రెండుంటాయి, పట్టాలోని మట్టీ, వెంట్రుకలూ వాటికి చుట్టుకుని ఆగిపోతాయి. ఇద్దరు మనుషులు రెక్కని రెండు పక్కలా పట్టుకుని పూర్తిగా పైకెత్తి, అడుగుభాగాన్ని తమవైపు లాగితే బయటికి వస్తుంది. దొంగలు ఎత్తకుండా పైన బిళ్ల ఉంటే ముందు దాన్ని విప్పాలి. బరువుంటుంది, ఒక్కదానివే చెయ్యొద్దు. చక్రాలు బాగుంటే శుభ్రం చేసి పెట్టెయ్యండి, అరిగితే పాత రోలరే చేతిలో పట్టుకుని ఊళ్లో ఏ యూపీవీసీ చేసేవాళ్ల దగ్గరికి పోయినా దానికి జోడు దొరుకుతుంది, ఇవి ఎక్కువగా అన్ని షాపులూ వాడే సరుకే. రెక్క తీసినప్పుడు చట్రం లోపలివైపు చూడు, ప్రొఫైల్ కంపెనీ పేరు ముద్రేసి ఉంటే రాసుకో. వాళ్ల డీలర్ ఇంకొకడు దగ్గర్లో ఉంటే ప్రొఫైల్ పగలడం, రంగు మారడం లాంటి వాటికి అక్కడ అడగొచ్చు. బిగింపు తప్పులకి మాత్రం వాళ్లు రారు.

అలాగే కిటికీ కింద వేసిన కడప బండని ఒకసారి చూడమ్మా. బండ వాలు బయటికి ఉండాలి. చాలా ఇళ్లలో సమంగానో, కొన్నిట్లో లోపలికే వాలుగానో వేసేసి దానిమీద చట్రం కూచోబెడతారు. అప్పుడు కడిగిన నీళ్లు, జల్లు నీళ్లు పట్టా కిందే నిలిచి రోలర్ స్క్రూలు తుప్పు పడతాయి. రోలర్లు మార్చినా ఏడాదికి మళ్లీ అదే పాట. గోళీ పెట్టి చూస్తే ఎటు దొర్లుతుందో తెలిసిపోతుంది.

ఇక ఫిర్యాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కడపలోనే జిల్లా కమిషన్‌లో వెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, నువ్వు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో (2025కి ముందు ఈ-దాఖిల్) ఇంటినుంచే వేయవచ్చు, ముందు 1915కి ఫోన్ చేసి అడిగినా దారి చెప్తారు. సమస్య వచ్చినప్పటినుంచి రెండేళ్లలోపు వెయ్యాలి, ఆ తేదీ దాటనివ్వకు. బిల్లు మీదున్న జీఎస్టీ నంబరుని జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఏ పేరు మీద రిజిస్టరైందో తెలుస్తుంది, మూసిన షాపు వెనక మనిషిని పట్టుకోవడానికి అదొక్కటే ఆధారం చాలాసార్లు. బిల్లు లేకుండా ‘జీఎస్టీ తగ్గిస్తాం’ అన్నారని నగదు ఇచ్చి ఉంటే మాత్రం, ఉన్నమాట చెప్తున్నా, రోలర్లు మార్పించుకుని ఆ కథ వదిలెయ్. మెసేజులూ ఫోన్‌పే రసీదులూ ఉంటేనే పోరాడటానికి ఏమైనా ఉంటుంది.

ప్రశ్న: ఆదోని పక్క పల్లె మాది. అవ్వ కాలం నాటి మట్టి మిద్దె పడగొడుతున్నాం. పాత వాకిలీ, ఊచల కిటికీలు రెండూ కలిపి తూకానికి కొంటామని ఒకాయన వచ్చాడు. ఇచ్చేయొచ్చా?

జవాబు: తూకానికి ఇవ్వొద్దప్పా. పాత టేకు అయితే దాని ఎండు అంతా ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఇక వంగదు, పగలదు, అలాంటి చెక్క ఇప్పుడు డిపోలో దొరకదు. ముందు ఒక మూల చిత్రిక పట్టించి అది టేకా, వేపా, ఇంకేదైనానా అని మీ ఊరి ఆచారికి చూపించండి. కొత్తింట్లో పెట్టుకునే ఉద్దేశం ఉంటే చట్రం బయటి కొలతలు ఇప్పుడే తీసి మేస్త్రీకి ఇవ్వండి, గోడలో ఖాళీ దానికి తగ్గట్టు వదులుతాడు. చెదలు పట్టిన అడుగుభాగం కోసేసి కొత్త ముక్క అతికించొచ్చు. అమ్మాలనే అనుకుంటే వాకిలి మీద చెక్కడం ఏమైనా ఉందేమో చూసుకుని, ఫొటోలు తీసి పాత సామాను కొనే షాపులకి పంపండి, తమిళనాడులో కారైకుడి అయితే ఈ వ్యాపారానికే పేరు. పడగొట్టేటప్పుడు మాత్రం జేసీబీ తగలకముందే చట్రాలు చేత్తో ఊడదీయించండి, ఒకసారి మూల చీలిందంటే ఆ వచ్చినాయన చెప్పే తూకం ధరే మీకు దిక్కు.